స్టుట్‌గార్ట్‌లో అద్దె ఇల్లు: బుజ్జికి బాబాయి ఉత్తరం

చిరంజీవి బుజ్జికి, బాబాయి ఆశీస్సులు.

జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో సీటు, వీసా, ముగ్గురు కలిసుండే ఇంట్లో గది, అన్నీ కుదిరాయని అన్నయ్య చెప్పాడు. చలికోట్ల గురించీ పచ్చళ్ల గురించీ చెప్పేవాళ్లు ఇంట్లో చాలామందే ఉన్నారు, వాటి జోలికి నేను పోను. మనవాళ్లు మొదటి ఏడాది ఎక్కువగా ఇరుక్కునేది ఉత్తరాల డబ్బా, కిటికీ, మెట్లు, చెత్తడబ్బా దగ్గర. ఆ దేశం తీరు తెలిసేది కూడా వాటి దగ్గరే.

దిగిన రోజే ఉత్తరాల డబ్బా మీదా, కాలింగ్ బెల్ మీదా నీ పేరు అంటించు. అక్కడ చిరునామాలో ఫ్లాట్ నంబరు సాధారణంగా ఉండదు, పోస్ట్‌మ్యాన్ పేరు చూసే వేస్తాడు. పేరు కనబడకపోతే ఉత్తరం వెనక్కి పోతుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడిలో ఏముందో చూసుకుని అదే రాయి. మనవాళ్ల పాస్‌పోర్టుల్లో పేరు, ఇంటిపేరు తారుమారు కావడం మామూలే. బ్యాంకువాళ్లు ఒక పేరుతో కార్డు పంపి, డబ్బా మీద ఇంకో పేరుంటే ఆ కార్డు నీకు చేరదు. అనుమానంగా ఉంటే రెండు పేర్లూ అంటించు.

ఇంట్లో దిగిన రెండు వారాల్లోపు బ్యుర్గర్‌బ్యూరోకి (ఊరి పౌర సేవల ఆఫీసు) వెళ్లి ఆన్‌మెల్డుంగ్, అంటే చిరునామా నమోదు, చేయించుకోవాలి. పాస్‌పోర్టుతో పాటు నువ్వు ఆ ఇంట్లో దిగినట్టు ఓనరు సంతకం చేసిన కాగితం కావాలి. అద్దె ఒప్పందం దాని బదులు పనికిరాదు. అపాయింట్‌మెంట్ దొరకడమే కష్టం కనుక బయల్దేరే ముందే ఆన్‌లైన్‌లో చూసుకో. నమోదైన కొన్ని వారాలకు 11 అంకెల ట్యాక్స్ నంబరు పోస్టులో వస్తుంది, పార్ట్‌టైమ్ పనికి అది అడుగుతారు. రేడియో, టీవీ రుసుము కట్టమని ఇంకో ఉత్తరం వస్తుంది. మనకు టీవీ లేదు కదా అని దాన్ని పారేయకు. టీవీ ఉన్నా లేకపోయినా ఇంటికి నెలకు 18.36 యూరోలు. ఇంట్లో ఒకరు కడుతుంటే చాలు, వాళ్ల నంబరు రాసి పంపితే నీ పేరు తీసేస్తారు. కోర్టు నుంచో ప్రభుత్వ ఆఫీసు నుంచో పసుపు కవరు వస్తే మాత్రం ఆ రోజే విప్పు. పోస్ట్‌మ్యాన్ దాని మీద తేదీ వేసి పడేస్తాడు, నువ్వు చదివినా చదవకపోయినా జవాబు గడువు ఆ తేదీ నుంచే లెక్క.

ఇక కిటికీ. కట్టిన డిపాజిట్‌లో కోత పెట్టడానికి ఓనర్లకు దొరికే సాకుల్లో గోడ మీది బూజు ముఖ్యమైనది. డిపాజిట్ అంటే మూడు నెలల కాల్ట్‌మీటె దాకా ఉంటుంది (హీటింగ్, నీళ్ల ఖర్చులు కలపని అద్దె అది), చిన్న మొత్తం కాదు. అక్కడి కిటికీలు గాలి చొరకుండా బిగిస్తారు. అన్నం వండినా, వేడినీళ్ల స్నానం చేసినా, బట్టలు గదిలో ఆరేసినా ఆ తేమ లోపలే తిరుగుతుంది. చల్లబడిన బయటి గోడ మూలల్లో, బీరువా వెనక నీరై దిగి నల్లగా బూజు పడుతుంది. పొద్దున్నే అద్దం అడుగున నీటి చుక్కలు కనబడితే అదే తొలి హెచ్చరిక.

అందుకని రోజుకు రెండు మూడు సార్లు హీటర్ మీట సున్నాకి తిప్పి, కిటికీ బార్లా తెరువు. గట్టి చలికాలంలో ఐదు నిమిషాలు చాలు, అక్టోబరులో పది పదిహేను కావాలి. మూశాక మీటను మళ్లీ 3 మీద పెట్టు, సుమారు 20 డిగ్రీలుంటుంది. సున్నాకి తిప్పకపోతే చల్లగాలి తగిలి హీటర్ ఇంకా వేడెక్కుతుంది, డబ్బు బయటికి పోతుంది. కిటికీ పిడి కిందికి ఉంటే మూసినట్టు, అడ్డంగా ఉంటే తలుపులా తెరుచుకుంటుంది, పైకి ఉంటే పైభాగం మాత్రం లోపలికి వాలుతుంది. అలా వాల్చి గంటల తరబడి వదిలేయడమే మనవాళ్లు చేసే పొరపాటు. గాలి పెద్దగా మారదు, చుట్టూ గోడ చల్లబడి బూజుకి ఇంకా అనువవుతుంది. పిడి తిప్పేటప్పుడు రెక్కను ఫ్రేముకు నొక్కి పట్టుకో. తెరిచి ఉండగా పైకి తిప్పితే రెక్క పైమూల విడిపోయి వేలాడుతుంది. కంగారు పడకు, ఆ మూలను ఫ్రేముకు ఆనించి పిడి అడ్డంగా తిప్పితే సర్దుకుంటుంది. తాలింపు వేసేటప్పుడు వంటింటి తలుపు మూసి కిటికీ తెరువు. ఘాటు పోవాలని మెట్లవైపు తలుపు తెరిచావంటే బిల్డింగంతా తుమ్ముతుంది.

మెట్ల సంగతి స్టుట్‌గార్ట్‌లో ప్రత్యేకం. తలుపుకి ఎవరో చిన్న బోర్డు తగిలించి వెళ్తే ఆ వారం కేర్‌వోఖె, అంటే తుడిచే వంతు, మీ ఇంటిదని. నీ అంతస్తు ముందు, కిందికి దిగే మెట్లు తుడవాలి. బిల్డింగంతటికీ చెందిన పెద్ద వంతు వస్తే బయట కాలిబాట కూడా, మంచు పడితే పొద్దున్నే ఎత్తేయాలి. వారం చివర బోర్డు పక్కింటి తలుపుకి మార్చు. శుభ్రంగానే ఉంది కదా అని వదిలేస్తే చూసేవాళ్లు చూస్తారు.

చెత్తడబ్బాల రంగులు ఊరూరికీ మారతాయి, మూత మీద చదువు. కూరగాయల తొక్కలు బయో డబ్బాలో వేయి, ప్లాస్టిక్ సంచితో సహా వేయకు. గాజు సీసాలు వీధిలోని డబ్బాల్లో తెలుపు, గోధుమ, ఆకుపచ్చగా విడదీసి వేయాలి. నీలం సీసా ఆకుపచ్చలోకి. పగిలిన గ్లాసు, పింగాణీ మామూలు చెత్తలోకి. ఆదివారం సీసాలు వేయకూడదు, చప్పుడవుతుంది. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా, ఆదివారం రోజంతా వాషింగ్ మెషీన్, డ్రిల్లింగ్ జోలికి పోకు.

ఆదివారం కిరాణా దొరకదు, శనివారమే తెచ్చుకో. 3 అక్టోబరు జాతీయ సెలవు, అది శనివారం పడితే వరసగా రెండు రోజులు అన్నీ మూతే. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ సీసాకీ, కూల్‌డ్రింకు క్యాన్‌కీ 25 సెంట్లు ప్ఫాండ్, అంటే ఖాళీది తిరిగిస్తే వచ్చే డిపాజిట్, వేస్తారు. నలపకుండా మెషీన్‌లో వేస్తే చీటీ వస్తుంది, అదే షాపు కౌంటర్‌లో ఇవ్వు.

మనుషుల సంగతి. మెట్ల మీద ఎదురైన ప్రతివాళ్లకీ హలో చెప్పు, వచ్చిన వారంలో ఇరుగుపొరుగు బెల్ కొట్టి పేరు చెప్పుకో. రేపు నీ పార్సిల్ తీసుకుని దాచేది వాళ్లే. పార్సిల్ వాళ్ల దగ్గరుందన్న చీటీ ఉత్తరాల డబ్బాలో కనబడిన సాయంత్రమే వెళ్లి తెచ్చుకో. తప్పుంటే మొహం మీదే చెప్తారు, అది కోపం కాదు, చెప్పాక మర్చిపోతారు. వాళ్లింటికి పిలిస్తే చెప్పిన టైముకే వెళ్లు. ఆకలేస్తే మొదటిసారే అవునను, మనింట్లోలా రెండోసారి బతిమాలరు. పుట్టినరోజు శుభాకాంక్షలు ఒకరోజు ముందు చెప్పకు, అశుభమనుకుంటారు. క్లాసుకి కేకు తేవాల్సింది కూడా పుట్టినరోజున్న మనిషే.

కొత్త తెలుగు సినిమా టొరెంట్‌లో దించే అలవాటు విమానం ఎక్కేముందే మానేయ్. లాయరు నుంచి వందల యూరోలు కట్టమని నోటీసొస్తుంది, అదీ వైఫై ఎవరి పేరున ఉంటే వాళ్లకి.

అక్కడి తలుపులు మూయగానే బయట్నుంచి తెరుచుకోవు. తాళంచెవి జేబులో ఉందో లేదో చూసుకుని లాగు. పోగొట్టుకుంటే బిల్డింగ్ తాళాలన్నీ మార్చిన ఖర్చు నీ మీద పడొచ్చు. ఏడాదికి సుమారు 50 యూరోలకు దొరికే హాఫ్ట్‌ఫ్లిష్ట్ బీమా (నీవల్ల ఇతరులకు జరిగిన నష్టానికి) తీసుకో, అందులో అద్దె ఇంటి తాళాలు కూడా కలిపారో లేదో చదివాకే సంతకం పెట్టు.

బాబాయి