నెలసరి ఆగిన 7 ఏళ్లకు మళ్లీ బ్లీడింగ్... గర్భసంచి తీసేయిస్తే సరిపోతుందా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా అమ్మ వయసు 59. నెలసరి ఆగిపోయి 7 ఏళ్లు దాటింది. రెండు నెలల క్రితం ఒకసారి, పోయిన వారం మరోసారి కొద్దిగా బ్లీడింగ్ అయింది. నొప్పేమీ లేదు. పాప్ స్మియర్ నార్మల్ అని వచ్చింది. స్కానింగ్‌లో గర్భాశయం లోపలి పొర మందం 12 మిల్లీమీటర్లు ఉంది, బయాప్సీ చేయాలి అని గైనకాలజిస్ట్ అంటున్నారు. ముక్క తీస్తే క్యాన్సర్ పాకిపోతుందని, అంతకంటే గర్భసంచే తీసేయిస్తే పీడ వదిలిపోతుందని ఇంట్లో పెద్దవాళ్లు పట్టుబడుతున్నారు. అమ్మకు షుగర్, బీపీ ఉన్నాయి, బరువు 84 కిలోలు. మా మేనమామకు 45 ఏళ్లకే పెద్దపేగు క్యాన్సర్ వచ్చింది, దానికీ దీనికీ సంబంధం ఉందా? ఒకవేళ క్యాన్సరే అయితే వైద్యం ఎలా ఉంటుంది? చాలా టెన్షన్‌గా ఉంది.
- ఒక పాఠకురాలు

జవాబు: ముందు బయాప్సీ చేయించండి. గర్భసంచి తీయాలా అక్కర్లేదా, తీస్తే ఏ పద్ధతిలో, దాంతోపాటు ఇంకేం తీయాలి అన్నవన్నీ ఆ రిపోర్టు చేతికొచ్చాకే తేలతాయి. పెద్దవాళ్లు మీ అమ్మగారి మంచి కోరే చెబుతున్నారు, కాదనను. కానీ వాళ్లు చెబుతున్న వరస తలకిందులుగా ఉంది.

నెలసరి ఆగి ఏడాది నిండాక ఎప్పుడు రక్తం కనిపించినా పట్టించుకోవాల్సిందే. ఎక్కువగా పోయిందా, ఒక్క చుక్కే కనిపించిందా, లేత గులాబీ రంగు నీరులా వచ్చిందా అన్న తేడా చూడకూడదు. నొప్పి లేదు కదా అన్న ధీమా అస్సలు పనికిరాదు, గర్భాశయ లోపలి పొరలో వచ్చే క్యాన్సర్ మొదట్లో చాలామందిలో నొప్పి తెప్పించదు. ఒంట్లో వేడి చేసి ఉంటుందిలే అనుకుని నెలల తరబడి ఊరుకున్నవాళ్లను చూసినప్పుడల్లా బాధేస్తుంది, ఎందుకంటే ఇంత తొందరగా, ఇంత స్పష్టంగా బయటపడే క్యాన్సర్లు తక్కువ. గర్భాశయ లోపలి పొరలో క్యాన్సర్ వచ్చినవాళ్లలో దాదాపు 90 శాతం మందికి ముందుగా కనిపించేది ఈ బ్లీడింగే. మీరు రెండోసారికే కదిలారు, మంచి పని చేశారు.

అలాగని ఇది క్యాన్సరే అని ఇప్పుడే తేల్చేసుకోకండి. మెనోపాజ్ తర్వాత బ్లీడింగ్‌తో వచ్చే ప్రతి 100 మందిలో క్యాన్సర్ బయటపడేది సుమారు 10 మందిలో. మిగతావాళ్లలో హార్మోన్లు తగ్గి పొర పలచబడి చిట్లడమో, లోపల పాలిప్ అనే చిన్న కండ పెరగడమో, క్యాన్సర్ కాకుండానే పొర దళసరి కావడమో కారణం అవుతుంది. అయితే మీ అమ్మగారి విషయంలో అనుమానం కాస్త ఎక్కువే పెట్టుకోవాలి. అండాశయాలు పని మానేశాక కూడా ఒంట్లోని కొవ్వు ఇతర హార్మోన్లను ఎస్ట్రోజెన్‌గా మారుస్తూనే ఉంటుంది, దానికి కళ్లెం వేసే ప్రొజెస్టిరాన్ మాత్రం ఇక తయారు కాదు, దాంతో ఆ పొర అడ్డూఅదుపూ లేకుండా పెరుగుతూ పోతుంది. అధిక బరువు ఉన్నవాళ్లలో ఈ క్యాన్సర్ ఎక్కువగా కనిపించడానికి ముఖ్య కారణం ఇదే. షుగర్, పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో నెలసరి సరిగా రాని అండాశయ సమస్య), పిల్లలు కలగకపోవడం, రొమ్ము క్యాన్సర్‌కు వాడే టమాక్సిఫెన్ మాత్రలు కూడా ముప్పును పెంచుతాయి.

పాప్ స్మియర్ నార్మల్ అని రాశారు. సంతోషమే, కానీ ఆ పరీక్ష గర్భాశయ ముఖద్వారానికి సంబంధించినది, లోపలి పొర సంగతి తేల్చడానికి చేసేది కాదు. చాలామంది ఈ రెండు క్యాన్సర్లనీ ఒకటే అనుకుంటారు. ముఖద్వార క్యాన్సర్‌కు ప్రధాన కారణం హెచ్‌పీవీ వైరస్, దానికి టీకా ఉంది, స్క్రీనింగ్ ఉంది. లోపలి పొర క్యాన్సర్‌కు వైరస్‌తో సంబంధం లేదు, మామూలు ఆడవాళ్లందరికీ చేసే స్క్రీనింగ్ పరీక్షా లేదు. శరీరం చూపించే బ్లీడింగ్‌నే హెచ్చరికగా తీసుకోవాలి.

ఇక స్కానింగ్. మెనోపాజ్ తర్వాత బ్లీడింగ్ అయినవాళ్లలో, యోని ద్వారా చేసే స్కానింగ్‌లో పొర మందం 4 మిల్లీమీటర్లు లేదా అంతకంటే తక్కువ ఉంటే క్యాన్సర్ ఉండే అవకాశం 1 శాతం లోపే. అలాంటప్పుడు కూడా బ్లీడింగ్ మళ్లీ మళ్లీ అవుతుంటే బయాప్సీ చేస్తాం, ఎందుకంటే కొన్ని అరుదైన, మొండి రకాలు పొర పలచగా ఉన్నా దాక్కుంటాయి. మీ అమ్మగారిది 12. అది క్యాన్సర్ అని చెప్పదు, బయాప్సీ తప్పదని మాత్రం చెబుతుంది.

ముక్క తీస్తే పాకిపోతుందన్న భయం చాలా ఇళ్లలో ఉంటుంది. బయాప్సీ వల్ల ఈ క్యాన్సర్ ముదిరిపోతుందనడానికి ఆధారాలు లేవు. పైగా ఇక్కడ కోతా కుట్లూ ఏమీ ఉండవు. సన్నటి ప్లాస్టిక్ గొట్టాన్ని ముఖద్వారం గుండా లోపలికి పంపి కొద్దిగా కణజాలం పీల్చి తీస్తారు, కొన్ని నిమిషాల పని, ఆ కాసేపూ పొత్తికడుపులో నెలసరి నొప్పిలా పట్టేసినట్టు ఉంటుంది. గొట్టం లోపలికి వెళ్లకపోయినా, వచ్చిన శాంపిల్ చాలకపోయినా, రిపోర్టు నార్మల్ అని వచ్చి బ్లీడింగ్ మాత్రం ఆగకపోయినా, మత్తు ఇచ్చి హిస్టరోస్కోపీ చేస్తారు, అంటే చిన్న కెమెరాతో లోపలంతా చూస్తూ అనుమానం ఉన్నచోటి నుంచే శాంపిల్ తీస్తారు. నార్మల్ రిపోర్టు చూసి బ్లీడింగ్‌ను వదిలేయడం మాత్రం చేయకండి.

సరే, ఎలాగూ తీసేదే కదా, నేరుగా గర్భసంచి తీసేస్తే ఏం పోయింది అంటారేమో. చాలా పోతుంది. పాలిప్ అని తేలితే హిస్టరోస్కోపీతోనే తీసేసి ఇంటికి పంపించొచ్చు, షుగర్, బీపీ, బరువు ఉన్న మనిషికి అక్కర్లేని పెద్ద ఆపరేషన్ ఎందుకు చెప్పండి. క్యాన్సర్ అయితే మామూలుగా గర్భసంచి తీసే ఆపరేషన్ సరిపోదు. ముఖద్వారంతో సహా గర్భాశయం మొత్తం, సాధారణంగా రెండు అండాశయాలూ ఫాలోపియన్ ట్యూబులూ తీస్తారు, క్యాన్సర్ ముందుగా చేరే లింఫ్ గ్రంథులను పరీక్షకు తీస్తారు. గర్భాశయాన్ని లోపల ముక్కలు చేయకుండా పూర్తిగా బయటికి తేవాలి. ఇవేవీ తెలియకుండా మామూలు ఆపరేషన్ చేసేశాక పాథాలజీ రిపోర్టులో క్యాన్సర్ అని వస్తే, మళ్లీ కడుపు తెరవాలా, రేడియేషన్ ఇవ్వాలా అని తల పట్టుకోవాలి. ఒక్క శాంపిల్‌తో తప్పించుకోగలిగిన తిప్పలు అవి.

బయాప్సీలో క్యాన్సర్ అని వస్తే ఎంఆర్ఐ లేదా సీటీ చేసి అది కండరంలోకి ఎంత దిగింది, గర్భాశయం దాటిందా అని చూస్తారు. గైనకాలజికల్ ఆంకాలజిస్ట్, అంటే ఆడవాళ్ల క్యాన్సర్లకే ప్రత్యేకించిన సర్జన్ దొరికితే వాళ్ల దగ్గరకే వెళ్లండి. గర్భాశయం దాటని క్యాన్సర్లలో చాలావాటికి చిన్న రంధ్రాల గుండా చేసే లాప్రోస్కోపీ పద్ధతి, పొట్ట కోసి చేసే ఓపెన్ ఆపరేషన్‌తో సమానమైన ఫలితాలు ఇస్తుంది, కోలుకోవడం మాత్రం త్వరగా అవుతుంది, బరువు ఎక్కువ ఉన్నవాళ్లకు గాయం చీము పట్టే బెడద తగ్గుతుంది. ఆపరేషన్‌కు ముందు షుగర్ అదుపులోకి తెచ్చుకోవడం, గురక పెడుతూ నిద్రలో ఊపిరి ఆగినట్టు అవుతుంటే ఆ సంగతి మత్తు డాక్టర్‌కు చెప్పడం మరిచిపోవద్దు.

అసలు స్టేజ్ ఏమిటో ఆపరేషన్‌లో తీసినవాటి రిపోర్టు వచ్చాకే ఖాయమవుతుంది. స్థూలంగా, గర్భాశయం శరీర భాగంలోనే ఉంటే 1, ముఖద్వారంలోకి దిగితే 2, అండాశయాలకో యోనికో దగ్గరి లింఫ్ గ్రంథులకో చేరితే 3, మూత్రాశయం, పేగు లోపలి పొరకో, ఊపిరితిత్తుల వంటి దూరపు అవయవాలకో పాకితే 4. 2023లో వచ్చిన కొత్త వర్గీకరణలో కణాల రకాన్ని, పీ53, పీఓఎల్ఈ వంటి జన్యు మార్పులను కూడా లెక్కలోకి తీసుకుంటున్నారు కాబట్టి ఒకే స్టేజ్ ఉన్న ఇద్దరికి వేర్వేరు వైద్యం చెప్పొచ్చు, పక్కింటావిడ రిపోర్టుతో పోల్చుకోకండి. మెల్లగా పెరిగే రకమై 1వ స్టేజ్‌లోనే దొరికితే చాలామందికి ఆపరేషన్‌తోనే వైద్యం అయిపోతుంది, వాళ్లలో 90 శాతానికి పైగా 5 ఏళ్లు దాటి బతుకుతున్నారు. తిరగబెట్టే ముప్పు మధ్యస్తంగా ఉంటే యోని పైభాగంలో చిన్న గొట్టం ఉంచి కొద్ది సిట్టింగుల్లో ఇచ్చే రేడియేషన్ చాలు. ముప్పు ఎక్కువైతే బయటి నుంచి కొన్ని వారాల రేడియేషన్, కార్బోప్లాటిన్, పాక్లిటాక్సెల్ కీమో అవసరం కావచ్చు. కణాల్లో ఎంఎంఆర్ లోపం, అంటే డీఎన్ఏలో వచ్చే తప్పులను సరిదిద్దే ఏర్పాటులో లోపం ఉన్న ముదిరిన క్యాన్సర్లకు ఇప్పుడు ఇమ్యునోథెరపీ, అంటే శరీర రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే మందులు బాగా పనిచేస్తున్నాయి.

ఆపరేషన్ తర్వాత సుమారు 6 వారాలు బరువులు ఎత్తొద్దు, కానీ మంచానికి అతుక్కుపోవద్దు కూడా. కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా మొదటి రోజుల నుంచే నడిపిస్తారు, ఇంజెక్షన్లు ఇస్తే రాసిచ్చినన్ని రోజులూ వేయించండి. ఒక పిక్క వాచి నొప్పి పుట్టినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా, జ్వరం వచ్చినా, దుర్వాసనతో స్రావం అవుతున్నా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. లింఫ్ గ్రంథులు తీస్తే కొందరికి తర్వాత కాళ్ల వాపు వస్తుంది, తొందరగా చెబితే ఫిజియోథెరపీ, బిగుతు మేజోళ్లతో అదుపు చేయొచ్చు. రేడియేషన్ తీసుకున్నవాళ్లకు యోని బిగుసుకుపోతుంది, పొడిబారుతుంది. యోని బిగుసుకోకుండా వాడే డైలేటర్ అనే సాధనం, జెల్స్, భార్యాభర్తలు ఎప్పుడు కలవొచ్చు అన్న సంగతులు అడగడానికి మనవాళ్లు సిగ్గుపడతారు, మేమూ హడావుడిలో దాటేస్తుంటాం. అడగండి, 59 ఏళ్ల వయసులో అదేం ప్రశ్న అని ఎవరూ అనకూడదు.

తిరగబెట్టే కేసులు ఎక్కువగా మొదటి 3 ఏళ్లలోపే బయటపడతాయి, అందుకే అప్పటిదాకా 3 నుంచి 6 నెలలకోసారి, ఆ తర్వాత 5 ఏళ్ల వరకు ఇంకాస్త దూరదూరంగా చెకప్‌లు ఉంటాయి. ప్రతిసారీ స్కానింగ్ అక్కర్లేదు, లక్షణాలు అడిగి, లోపలి పరీక్ష చేస్తే చాలామందికి సరిపోతుంది. ఈ మధ్యలో బ్లీడింగ్, తగ్గని పొత్తికడుపు నొప్పి, కారణం లేని దగ్గు వస్తే తర్వాతి తేదీ దాకా ఆగొద్దు. ఇంకో సంగతి చాలామందికి తెలియదు, ఈ క్యాన్సర్ తొలిదశలో నయమైనవాళ్ల ప్రాణాలు ఎక్కువగా తీసేది క్యాన్సర్ కాదు, గుండె జబ్బులు. బరువు, షుగర్, బీపీల మీద ఇప్పటి నుంచే దృష్టి పెట్టమనేది అందుకే.

మీ మేనమామ సంగతి. 50 ఏళ్లలోపు పెద్దపేగు క్యాన్సర్, అదే కుటుంబంలో గర్భాశయ క్యాన్సర్ కనిపిస్తే లించ్ సిండ్రోమ్ అనే వంశపారంపర్య లోపం ఉందేమో చూడాలి. అమ్మకు తోడబుట్టిన ఆయన కాబట్టి గైనకాలజిస్ట్‌కు ఈ విషయం తప్పకుండా చెప్పండి. అమ్మగారి బయాప్సీలో క్యాన్సర్ తేలితే అదే శాంపిల్ మీద ఎంఎంఆర్ పరీక్ష చేయమని అడగండి, అందులో లోపం కనిపిస్తే జన్యు పరీక్షకు పంపుతారు. బయాప్సీ నార్మల్ అని వచ్చినా మీ మేనమామకు ఈ పరీక్ష జరిగిందో లేదో కనుక్కోండి. అమ్మకు ఆ లోపం ఉన్నట్టు తేలితే మీకూ, మీ తోబుట్టువులకూ ఒక్కొక్కరికి అది వచ్చి ఉండే అవకాశం 50 శాతం, అప్పుడు మీరంతా జన్యు పరీక్ష చేయించుకోవాలి, లోపం ఉన్నవాళ్లకు కొలనోస్కోపీ, అంటే పెద్దపేగు లోపల కెమెరాతో చూసే పరీక్ష చిన్న వయసు నుంచే మొదలుపెట్టాల్సి ఉంటుంది.