పాత ఫొటో నాదే, మరి కాపీరైట్?

ప్రశ్న: మా తాతగారి ట్రంకు పెట్టెలో, సముద్రం ఒడ్డున ఉన్న ఒక పాత బంగళా ఫొటో దొరికింది. అట్ట వెనక పెన్సిల్‌తో 1904 అని రాసి ఉంది. పుస్తకంలో వేస్తామని ఒక ప్రచురణకర్త అడిగితే అసలు ఫొటోనే ఇచ్చాను. ఆయన దాన్ని క్యాలెండర్ మీద కూడా వేసి అమ్ముతున్నాడు. ఫొటో అడిగితే రేపు మాపు అంటున్నాడు. కాపీరైట్ కేసు వేయవచ్చా?

జవాబు: వేయకండి, నిలవదు. ఫొటో మీ ఇంట్లో ఉన్నంత మాత్రాన కాపీరైట్ మీది కాదు. అది తీసినవారిదో, డబ్బిచ్చి తీయించుకున్నవారిదో అవుతుంది. పైగా ఇప్పుడు ఆ హక్కు ఎవరికీ మిగల్లేదు. 1914 నాటి పాత చట్టం కింద ఫొటోకు రక్షణ నెగెటివ్ తయారైన నాటి నుంచి 50 ఏళ్లే. అంటే 1954తో సరి. 1957 చట్టం 1958 జనవరి 21న అమల్లోకి వచ్చినా, అప్పటికే తీరిపోయిన హక్కును మళ్లీ బతికించలేదు. కాబట్టి ఆ ప్రచురణకర్త కూడా ఆ బొమ్మ తనదనలేడు. రేపు మీరూ క్యాలెండర్ వేసుకోవచ్చు!

ఒక్క అనుమానం. ఆ 1904 ఫొటో తీసిన ఏడాదా, బంగళా కట్టిన ఏడాదా? తర్వాత ఎవరో గుర్తు కోసం రాసిపెట్టిందీ కావచ్చు. ఫొటో 1908 తర్వాతిదైతే, కొత్త చట్టం వచ్చేనాటికి 50 ఏళ్లు నిండి ఉండవు కాబట్టి లెక్క మారుతుంది.

అసలు మీరు పట్టుకోవాల్సింది క్యాలెండర్‌ని కాదు, వెనక్కి రాని ఫొటోని. మీరు ఎరువిచ్చిన వస్తువు అది. పని అయిపోగానే అడగకపోయినా తిరిగి ఇవ్వాలని కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 160 చెబుతోంది. పాడుచేస్తే నష్టపరిహారం కూడా అడగవచ్చు. 'పుస్తకానికి మాత్రమే' అని వాట్సాప్‌లో ఒక్క మెసేజ్ ఉన్నా, క్యాలెండర్ విషయంలో ఒప్పందం తప్పాడని వాదించే వీలుంటుంది. నోటి మాటే అయితే రుజువు కష్టం.

ముందు వకీలు ద్వారా స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. ఇవ్వనంటే, అలా నిరాకరించిన రోజు నుంచి దావాకు మూడేళ్ల గడువు ఉంటుంది. పోలీసు కంప్లయింట్ తొందర ఇప్పుడే వద్దు. నోటీసులో మాత్రం 'పాత ఫొటో' అని రాసి ఊరుకోకండి. అట్ట కొలత, విరిగిన మూల, స్టూడియో ముద్ర ఉంటే అది, వెనక పెన్సిల్ రాత, అన్నీ రాయించండి. లేకపోతే కొత్త ప్రింటు ఒకటి తీసి చేతిలో పెట్టి, ఇచ్చేశానంటాడు.