పిత్తాశయంలో రాయి ఉంటే క్లోమం ఎందుకు వాస్తుంది?

రెండింటి గొట్టాలూ చాలామందిలో చిన్నపేగులోకి తెరుచుకునే చోట కలిసిపోతాయి కాబట్టి, రాయి జారి అక్కడ అడ్డుపడితే లివర్‌కీ క్లోమానికీ (పాంక్రియాస్) ఒకేసారి దెబ్బ తగులుతుంది.

మన డెల్టా భాషలో చెప్పాలంటే, రెండు పంట బోదెలు కలిసి ఒకే తూములోంచి మురుగుకాలవలో పడుతున్నాయి. తూము దగ్గర గుర్రపుడెక్క అడ్డుపడితే రెండు చేలూ మునుగుతాయి. ఇక్కడ లివర్ నుంచి వచ్చే పైత్యరసం వెనక్కి తన్ని రక్తంలో కలుస్తుంది, కామెర్లు వస్తాయి. క్లోమరసం పేగులోకి వెళ్లాక పనిచేయాల్సింది, క్లోమంలోనే పనిచేసి దాన్నే అరిగించడం మొదలుపెడుతుంది.

ఉదాహరణకి, పాలకొల్లు నుంచి నలభై ఐదేళ్లావిడ వచ్చారనుకోండి. పెళ్లి భోజనం తిన్న రాత్రి పైపొట్టలో నొప్పి, వీపులోకి పాకుతోంది, ముందుకు వంగి కూర్చుంటే కాస్త నయం. వాంతులు. కళ్లు పచ్చగా, మూత్రం చిక్కటి టీ డికాషన్‌లా, విరేచనం మాత్రం తెల్లమట్టి రంగులో. ఆ తెలుపే అసలు ఆధారం: పైత్యరసం పేగులోకి రావడం లేదు. రక్తంలో లైపేజ్ (క్లోమం తయారుచేసే, కొవ్వును అరిగించే ఎంజైమ్) మామూలు గరిష్ఠానికి 3 రెట్లో అంతకన్నా ఎక్కువో ఉంటే క్లోమం వాచినట్టే లెక్క. మీరు నర్సయితే విరేచనం రంగు చార్టులో రాయడం మరవకండి.

కామెర్లంటే లివర్ జబ్బేననీ, పసరు పోస్తే పోతుందనీ మన వైపు గట్టి నమ్మకం. కామెర్లు తెచ్చే వైరస్ జబ్బు హెపటైటిస్-ఎ సాధారణంగా దానంతటదే తగ్గుతుంది, పేరు పసరుకి వస్తుంది. గొట్టంలో ఇరుక్కున్న రాయిని ఏ పసరూ తీయలేదు. ఆలస్యమైతే అక్కడ చీము పట్టొచ్చు. ఇక క్లోమం వాపు తాగుబోతుల జబ్బనడం సగం నిజమే, ఇలా రాళ్ల వల్ల కూడా వస్తుంది.