మన దగ్గర చేసిన ఇంకుపెన్ను ఇంకా దొరుకుతుందా?

ప్రశ్న: మా అబ్బాయి డిగ్రీలో చేరుతున్నాడు. మంచి ఇంకుపెన్ను కొనిద్దామంటే షాపులో చూపించినవన్నీ విదేశాలవే. మన దగ్గర తయారు చేసేవాళ్లు ఇంకా ఉన్నారా అండీ?
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: ఉన్నారమ్మా, మీకు బాగా దగ్గర్లోనే! రాజమండ్రి వెళ్లి రత్నం పెన్నుల గురించి అడగండి. స్వదేశీ ఉద్యమం రోజుల్లో, 1932లో కోసూరి వెంకటరత్నం గారు మొదలుపెట్టిన సంస్థ అది. ఆయన పంపిన పెన్ను గాంధీజీ అనుచరుడు, ఆర్థికవేత్త జె.సి. కుమారప్ప గారి ద్వారా గాంధీజీకి చేరింది, దాంతో రాసి చూసి, బజారులో దొరికే విదేశీ పెన్నులకు బదులు ఇది బాగానే పనికొస్తుందని 1935లో గాంధీజీ స్వయంగా ఉత్తరం రాశారు. ఆ మాట చదివినప్పుడల్లా నాకు మనసు నిండిపోతుంది.

ఎబొనైట్ అనే గట్టి రబ్బరు కడ్డీని లేత్ అనే తిరిగే యంత్రం మీద పెట్టి, ఒక్కో పెన్నునీ చేత్తో చెక్కుతారు. పాళీ ఎక్కడిదో మాత్రం కొనేటప్పుడే అడగండి, ఎందుకంటే చేత్తో చేసే మన పెన్నుల్లో చాలావాటికి జర్మనీ పాళీలు వేస్తున్నారు. నాకైతే అది పెద్ద లోపంగా అనిపించదు, కానీ పూర్తిగా మనదే కావాలంటే తెలుసుకోవాలి కదా.

ఇంకు ఫిల్లరుతో నేరుగా గొట్టంలో పోసే రకమైతే, సగానికి తగ్గగానే నింపేయమనండి. లేకపోతే చేతి వేడికి లోపలి గాలి వ్యాకోచించి ఇంకు కక్కుతుంది. వేడినీళ్లతో కడగొద్దు, ఎబొనైట్ నలుపు వెలిసిపోతుంది.