బ్యాటిల్‌స్టార్ గెలాక్టికా: ‘33’ ఎపిసోడ్ అర్థం కాకపోతే

ఈ సైన్స్ ఫిక్షన్ టీవీ సిరీస్ కథను మీరు మధ్యలోంచి మొదలుపెట్టారు. సీజన్ 1లో మొదటిదైన ‘33’ చూస్తే అంతరిక్ష ఓడల్లోని మనుషులు నిద్ర లేకుండా ఎందుకు పారిపోతున్నారో, లారా రోస్లిన్ ప్రెసిడెంట్ ఎలా అయిందో తెలియట్లేదన్నారు కదా. అదంతా 2003 డిసెంబర్‌లో వచ్చిన మినీసిరీస్‌లో ఉంది. రెండు భాగాలు, సుమారు మూడు గంటలు. చాలామంది వదిలేసేది దీన్నే, ఎందుకంటే చాలాచోట్ల దీన్ని సీజన్ 1తో కలపకుండా సినిమాలా విడిగా పెడతారు.

1. పేరు కొట్టి 2003 అని ఉన్నదే తీసుకోండి. 1978లో గ్లెన్ లార్సన్ తీసినది వేరు. అందులో స్టార్‌బక్ అనే పైలట్ పాత్ర చేసింది డర్క్ బెనెడిక్ట్, ఇందులో కేటీ సాకాఫ్.

2. తర్వాత ‘33’ మళ్లీ మొదటి నుంచి చూడండి. విద్యాశాఖ చూసుకునే రోస్లిన్ ప్రెసిడెంట్ పదవికి వారసుల వరుసలో 43వ మనిషి. అది తెలిశాక, బతికున్నవాళ్ల లెక్కను ఆమె బోర్డు మీద చెరిపి మళ్లీ రాస్తుంటే గుండె పట్టేసినట్టవుతుంది. నాకు ఈ సిరీస్ మొత్తంలో అంత ఇష్టమైన సీన్లు తక్కువ.

3. ఈ సిరీస్‌కే చెందిన టీవీ సినిమాల్లో ‘రేజర్’ సీజన్ 3 తర్వాత చూడండి. ‘ద ప్లాన్’ మాత్రం అన్నీ అయ్యాకే. ముందే చూస్తే ఎవరెవరు సైలాన్లో, అంటే మనుషుల రూపంలో ఉన్న శత్రు యంత్రాలో, తెలిసిపోతుంది.