నోట్లో తెల్లమచ్చలు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా అత్తగారికి 58 ఏళ్లు. ఎప్పటినుంచో అడ్డపొగ (చుట్ట నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని) తాగుతారు. ఈమధ్య అంగిలి తెల్లబారింది, మధ్యమధ్య ఎర్రచుక్కలు ఉన్నాయి. నొప్పి లేదు. బి-కాంప్లెక్స్ వేసుకుంటే పోతుందంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, టెక్కలి

జవాబు: నొప్పి లేదు కదా అని ఆగకండమ్మా. క్యాన్సర్‌గా మారగల మచ్చలు చాలావరకు మొదట్లో నొప్పి పెట్టవు. బి-కాంప్లెక్స్‌తో అవి పోవు, నెలలు మాత్రం గడిచిపోతాయి.

ముందు మీరే చూడండి. పళ్లసెట్టు ఉంటే తీయించి, నోరు పుక్కిలించమని, తల వెనక్కి వాల్చి టార్చి వెయ్యండి. తడి గాజుగుడ్డ వేలికి చుట్టి తెల్లటి చోట మెల్లగా తుడవండి. పెరుగు తరకలా ఊడొచ్చి కింద ఎర్రగా కనిపిస్తే అది చాలావరకు ఫంగస్. డాక్టరు రాసే క్లోట్రిమజోల్ మౌత్ పెయింట్‌తో ఒకటి రెండు వారాల్లో తగ్గుతుంది. అయితే షుగరు పరీక్ష తప్పక చేయించండి, సెట్టు రాత్రిళ్లు తీసెయ్యాలి. తుడిచినా ఊడకపోతే గోకొద్దు, డాక్టరుకి చూపించాలి.

మీరు చెప్పిన ఎర్రచుక్కలు వేడికి వాచిన, అంగిలిలోని లాలాజల గ్రంథుల నోళ్లు కావచ్చు, చూడకుండా తేల్చలేం. చుట్ట మామూలుగా తాగేవాళ్లకీ ఇలా వస్తుంది, మానేస్తే చాలామందికి కొన్ని వారాల్లో తగ్గుతుంది. అడ్డపొగ సంగతి వేరు. నిప్పు నోట్లోనే ఉండి, సెగ, పొగ రెండూ నేరుగా అంగిలికే తగులుతాయి. అందుకే ఈ మచ్చని తేలిగ్గా తీసుకోకూడదు. తెలుపు మధ్య ఎర్రటి మచ్చ, పగులు, మానని పుండు, గట్టిబడిన అంచు, మెడలో గడ్డ, వీటిలో ఏది కనిపించినా ఆ వారంలోనే చూపించండి. అవేవీ లేకపోయినా పొగ మానిపించి, రెండు వారాల్లోపు డెంటల్ డాక్టరు దగ్గరికో, శ్రీకాకుళం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి దంత విభాగానికో తీసుకెళ్లండి.

అక్కడ బయాప్సీ అంటే భయపడొద్దు. మత్తు సూది వేసి బియ్యపుగింజంత ముక్క తీస్తారు. "కత్తి తగిలితే పాకిపోతుంది" అన్న మాట నిజం కాదు, ఆ భయంతోనే మన పల్లెల్లో ఆలస్యం జరుగుతోంది. రిపోర్టు బాగున్నా మూడు నుంచి ఆరు నెలలకోసారి చూపించుకోవాలి. అడ్డపొగ మాని ఖైనీకి మారితే లాభం లేదు. మానడానికి సాయం కావాలంటే 1800112356కి ఉచితంగా ఫోన్ చెయ్యొచ్చు.

ప్రశ్న: రెండు నెలల బాబు నాలుక తెల్లగా ఉంది. తేనె రాయమంటున్నారు, రాయొచ్చా?
– బొబ్బిలి నుంచి ఒక తల్లి

జవాబు: వద్దు. ఏడాది నిండేదాకా తేనె నాకించకూడదు, అందులోని బ్యాక్టీరియా వల్ల పసిపిల్లల నరాలు చచ్చుబడే ప్రమాదం ఉంది. పాలు తాగాక నాలుక మాత్రమే తెల్లబడి, కాసేపటికి పోతే అవి పాలే. బుగ్గల లోపల, పెదవుల వెనక కూడా అతుక్కుని ఉంటే ఫంగస్. పిల్లల డాక్టరు బిడ్డకి మందు రాస్తారు. మీ చనుమొనలు మండుతుంటే అదీ చెప్పండి, ఇద్దరికీ ఒకేసారి మందు వాడకపోతే మళ్లీ తిరగబెడుతుంది.