టోపో షీట్ మీద డివైడర్ నడిపే ముందు

శ్రావణీ,

నీలగిరుల్లో కూనూరుకి ఎక్కే ఘాట్ రైల్వే లైను మీద ప్రాజెక్టు చేస్తున్నావని మీ నాన్న చెప్పాడు. సాఫ్ట్‌వేర్ తెరిచే ముందు చెన్నై ఎగ్మోర్‌లోని ఆర్కైవ్స్‌కి వెళ్లి పాత టోపో షీట్లు (నేల ఎత్తుపల్లాలు చూపే సర్వే మ్యాపులు) ఏమున్నాయో అడుగు. 1:50,000 స్కేలులో 58ఎ/15 నంబరు షీట్ కూడా తెచ్చుకో. కొండ కిందున్న మేట్టుపాళయం, పైనున్న కూనూరు రెండూ అందులోనే ఉంటాయి. పాతవాటిలో సాధారణంగా అంగుళానికి ఒక మైలు, ఎత్తులు అడుగుల్లో. రెండూ కలిపి లెక్క వేశావో, తలనొప్పే.

ఇక అసలు పని, అంటే పట్టాల దారి గీయడం, రెండు సూది కాళ్ల డివైడర్‌తో. 50కి 1 వాలు, అంటే 50 మీటర్లు పోతే 1 మీటరు ఎక్కడం, కావాలనుకో. కాంటూర్ల (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతల) మధ్య ఎత్తు తేడా 20 మీటర్లుంటే, ఒక్కోటి ఎక్కడానికి కిలోమీటరు పోవాలి, అంటే షీట్ మీద 2 సెంటీమీటర్లు. డివైడర్ అంత తెరిచి, ఒక కాంటూర్ మీద ఆనించి, రెండో కాలు పై కాంటూర్‌ను ఎక్కడ తాకుతుందో చూడు. అలా ఎక్కుతూ పో. కొండ నిటారుగా ఉన్నచోట గీత పక్కకు వంగుతుంది, లోయలోకి దూరి తిరిగొస్తుంది. పై కాంటూర్ అందలేదంటే అక్కడ వాలు తక్కువ, ఎటు పోయినా పరవాలేదు.

ఇప్పుడు ఇదే కూనూరుకి వేసి చూడు. మేట్టుపాళయం నుంచి దాదాపు 1,400 మీటర్లు ఎక్కాలి. 50కి 1 అయితే 70 కిలోమీటర్ల పట్టాలు! అసలు లైను సుమారు 28 కిలోమీటర్లే. అందుకే నిటారు భాగంలో 12.5కి 1 దాకా పోయి, పళ్ల పట్టా (ఇంజను పళ్ల చక్రం పట్టుకుని ఎక్కే పట్టా) వేశారు. అక్కడ డివైడర్ తెరుపు 5 మిల్లీమీటర్లే. 1899లో కూనూరు దాకా, 1908లో ఊటీ దాకా రైలు వచ్చింది.

గీతలన్నిటినీ ఒకేలా నమ్మకు. తెగి తెగి ఉన్న కాంటూర్లు ఉజ్జాయింపుగా గీసినవి. చాలా పాత షీట్లలో కాంటూర్లే ఉండవు, వాలు చూపే చిన్న గీతలే ఉంటాయి, వాటి మీద గ్రేడియంట్ లెక్కలు వెయ్యొద్దు. కానీ వంకలు, పాత కాలిబాటలు జాగ్రత్తగా చూడు. వంక దాటిన ప్రతిచోటా వంతెనో తూమో ఖర్చు తగులుతుంది.

పాత షీట్‌ను జీపీఎస్ మీద పెడితే వంద మీటర్లకు పైగా జరగొచ్చు. మనదేశంలో పాత మ్యాపుల లెక్క ఎవరెస్ట్ గోళాభాసం (భూమి ఆకారానికి అప్పట్లో వాడిన లెక్క) మీద ఉంటుంది, జీపీఎస్ లెక్క వేరు. ట్రిగ్ స్టేషన్లతో (సర్వేలో కచ్చితంగా స్థానం కొలిచిన గుర్తులతో) సరిచూసుకో. అన్నట్టు, అలాంటి స్టేషన్లు పెట్టిన గ్రేట్ ట్రిగొనొమెట్రికల్ సర్వేకి విలియం లాంబ్టన్ తొలి ఆధార రేఖ కొలిచింది 1802లో, మన చెన్నై సెయింట్ థామస్ మౌంట్ దగ్గరే!

వానాకాలంలో ఒకసారి ఘాట్ మొదలయ్యే కల్లార్ వైపు వెళ్లి చూడు, కొండచరియలు జారేచోట్లు ఏ షీటూ చెప్పదు. నా పాత డివైడర్ పెరంబూరు ఇంట్లోనే ఉంది, ఆదివారం వచ్చి తీసుకెళ్లు.

పెదనాన్న